మా మరదలి గుండెలో బుడగలు

మా తమ్ముడి భార్యకు ప్రశ్నల పుట్ట అని పేరు పెట్టింది నేనే. మా సైకిళ్ల షాపులో పంక్చర్లు వేయడం నేర్పిందీ నేనే. ట్యూబుకు ప్యాచ్ అంటించి ఊరుకునే రకం కాదు. ముల్లు దొరికేదాకా టైరు లోపల వేలితో తడుముతూనే ఉండేది. "అవతల మనిషి నిలబడి ఉన్నాడు, కానివ్వు" అని విసుక్కునేదాన్ని.

కాన్పయిన పన్నెండో రోజు పొద్దున పాపకు పాలిస్తూ, "వదినా, కుడి చెయ్యి నాది కానట్టుంది" అంది. మాట ముద్దగా వచ్చింది.

"నిద్ర లేదు కదా, కాసేపు పడుకో" అని పాపను అందుకున్నాను. రెండు గంటల తర్వాత చూస్తే మూతి ఒక పక్కకు జారింది, నోట మాట లేదు.

మెదడులో రక్తం గడ్డ అన్నారు ఆస్పత్రిలో. ప్రాణానికి భయం లేదు గానీ చెయ్యి సంగతి చెప్పలేమన్నారు. "బాలింతలకు రక్తం తొందరగా గడ్డకడుతుంది, ఒక్కోసారి ఇలా అవుతుంది" అని డాక్టరమ్మ ఫైలు మూసేసింది. ఎందుకని అడగాల్సిన మనిషేమో మాట పడిపోయి ఉంది. నాకు ఒళ్లు మండింది.

"ముల్లు తీయకుండా ప్యాచ్ వేస్తే బండి ఎంత దూరం పోతుందమ్మా?" అన్నాను.

డాక్టరమ్మ నవ్వలేదు. ఫైలు మళ్లీ తెరిచింది.

మర్నాడు చేతి నరంలోకి బుడగలు కలిపిన సెలైన్ ఎక్కించి, గుండెను తెర మీద చూపించారు. కుడి పక్క గదుల నిండా ఆ బుడగలే, తెల్లటి చుక్కల్లా. గట్టిగా దగ్గమన్నారు. నాలుగైదు చుక్కలు మధ్య గోడ దాటి ఎడమ పక్కకు దూరాయి. అప్పటిదాకా మాట పెగలని మా మరదలు తెర వంక చూస్తూ "లీకు" అంది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

తల్లి కడుపులో ఉన్నప్పుడు అందరికీ ఉండే దారేనట అది. పుట్టాక నలుగురిలో ఒకరికి పూర్తిగా మూసుకోదట, అయినా చాలామందికి ఏమీ కాదట. ఈమెకు కాలిలో కట్టిన గడ్డ అందులోంచే మెదడుకు పోయి ఉంటుందన్నారు. తర్వాత ఆ దారిని మూసేశారు.

ఆరు నెలలకు మాట వచ్చింది, వెనకే ప్రశ్నలూ వచ్చాయి. చెయ్యి మాత్రం పాపను ఎత్తేంత రాలేదు. ఒక మధ్యాహ్నం, "వదినా, నేను చెప్పగానే తీసుకెళ్లి ఉంటే ఈ చెయ్యి వచ్చేదా?" అని అడిగింది.

విసుక్కోవడం చేతకాలేదు. "వచ్చేదేమో" అన్నాను.

"మరి ఎందుకు పడుకోమన్నావ్?"

"తెలియక."

పాపను ఎడమ చేత్తో నా ఒళ్లోకి జరిపి, "అయితే ఇది నడిచేదాకా నువ్వే ఎత్తుకోవాలి" అంది.