తలుపు మూయని ఆఫీసుకి కరెంటు పరీక్ష: రాజమండ్రిలో ఒక రోజు

రోహిణి కార్తెలో రాజమండ్రి వెళ్లాలని ఎవరికీ ఉండదు. నాకూ లేదు. కానీ దానవాయిపేటలో ఆఫీసులకు అద్దెకిచ్చే నాలుగంతస్తుల భవనం కట్టిన శేషగిరి గారు ఫోన్‌లో బతిమాలారు. కరెంటు ఖర్చు భరించలేక రెండో అంతస్తులోని కంపెనీ విశాఖకు మారిపోతానంటోందట. భవనాల్లో కరెంటు ఎక్కడ వృథా అవుతోందో చూసి చెప్పడమే నా ఉద్యోగం. మీటర్ల సంచి భుజాన వేసుకుని విజయవాడలో తెల్లవారుజామున రైలెక్కాను.

రెండున్నర గంటల ప్రయాణం. కొవ్వూరు దాటాక గోదావరిని చూడటానికి కిటికీ పక్క చోటు కోసం సిగ్గు విడిచి పోట్లాడాను. స్టేషన్ బయట పెసరట్టు ఉప్మా తిన్నాక, వంద అడిగిన ఆటో ఎనభైకి కుదిరింది. నా సంచి చూసి డ్రైవరు, "ఏసీలు బాగుచేయడానికా అండీ?" అన్నాడు. "కాదండి, తక్కువ వాడమని చెప్పడానికి." "ఈ ఎండల్లోనా? తరిమేస్తారండి బాబూ!" అని నవ్వాడు.

తరిమేయలేదు సరికదా, మర్యాదలతో ఉక్కిరిబిక్కిరి చేశారు. "మీరొస్తారని పొద్దుటి నుంచీ అన్ని అంతస్తులూ చల్లబరిచి ఉంచామండి" అన్నారు శేషగిరి గారు. ఎవరూ లేని మూడో అంతస్తుతో సహా! రోజూ ఎలా నడుస్తుందో చూద్దామని వస్తే మగపెళ్లివారికి చేసినట్టు చేశారు. ఒళ్లు మండింది. అన్నీ మామూలుగా పెట్టించి మీటర్లు బిగించాను. అయినా రెండో అంతస్తు ఏసీలు క్షణం ఆగడం లేదు. కారణం గుమ్మంలోనే ఉంది. అద్దాల తలుపు బార్లా తెరిచి, మూసుకోకుండా ఇటుక అడ్డం పెట్టారు. చల్లగాలంతా మెట్ల మీదుగా వీధిలోకి పోతోంది.

"ఈ తలుపు మూస్తే చాలండి" అన్నాను. ఆయన ముఖం మాడిపోయింది. "మాది వ్యాపారం చేసుకునే కుటుంబమండి. పగటిపూట తలుపు మూస్తే లక్ష్మిని పొమ్మన్నట్టే. మా నాన్నగారు భోజనాల వేళ కూడా కొట్టు మూసేవారు కాదు. ఇక్కడ అద్దెకున్నవాళ్లకీ అదే చెప్పానండి."

వాదనకి దిగబోయాను. అంతలో ఆ కంపెనీ ఉద్యోగి తులసి మంచినీళ్లు తెచ్చింది. రోజూ ధవళేశ్వరం నుంచి బస్సులో వస్తుందట. "విశాఖ వెళ్లమంటే నేను మానేయడమేనండి. బాబుకి ఇంకా ఏడాది నిండలేదు. ఏదో ఒకటి చెప్పండి" అంది. నా కోపం దిగిపోయింది. పెద్దాయన నమ్మకాన్ని వెక్కిరిస్తే ఈ అమ్మాయి ఉద్యోగం నిలబడదు.

"లక్ష్మీదేవి వచ్చేది వీధి గుమ్మంలోంచే కదండీ? కింద అది రోజంతా తెరిచే ఉంచండి. పైనున్నవి గది తలుపులు. ఇంట్లో గది తలుపులు మూసుకోమా?" అన్నాను. ఆయన చాలాసేపు మీసం దువ్వుకున్నారు. "గది తలుపులంటే... మూయొచ్చండి." వంగి ఇటుక తనే తీశారు.

భోజనాలయ్యాక అందరం పనిలో ఉండగా ఏసీ మోత ఉన్నట్టుండి ఆగింది. "అయ్యో, పాడైపోయిందండీ!" అంది తులసి. "పాడవలేదమ్మా. గది చల్లబడింది, అందుకే ఆగింది" అన్నాను. ఈ వేసవిలో అది ఆగడం వాళ్లెవరూ ఎరగరట. కంపెనీ మేనేజరు నా మీటరు వైపు చూసి, ఫోన్ పట్టుకుని బయటికెళ్లాడు. తిరిగొచ్చి, "వచ్చే బిల్లు చూసేదాకా మారొద్దన్నారండి మా పైవాళ్లు" అన్నాడు. తులసి లేచి వెళ్లి తలుపు సరిగ్గా పడిందో లేదో చూసింది.

సాయంత్రం రైల్లో నాకు చాలా సంతోషంగా అనిపించింది. దొరికింది గడువే, అయినా చిన్నది కాదు. కొత్త యంత్రాలు కొనమని సలహా ఇవ్వడం తేలిక, ఒక మనిషి నియమాన్ని నొప్పించకుండా పక్కకి జరపడమే కష్టం. మీ ఆఫీసులో ఏసీ మోత మధ్యమధ్యలో ఆగుతోందో లేదో రేపు ఒకసారి చెవి పెట్టి వినండి. ఆగకపోతే మెకానిక్‌ని పిలిచే ముందు తలుపు చూడండి.