మిగిలిన పులిపిండి, లెక్కలోకి రాని తాటిబెల్లం

మా ఆయనకు డాక్టరు మూడు నెలలు గడువిచ్చాడు. ఈలోగా షుగరు దిగిరాకపోతే ఇక మాత్రలతో పని జరగదు, ఇన్సులిన్ సూదే అని కచ్చితంగా చెప్పాడు. ఆఫీసులో మీటింగు అంటే చాలు కింద పనిచేసేవాళ్లందరినీ వణికించే మనిషి, రక్తపరీక్షకు చెయ్యి చాపమంటే కళ్లు గట్టిగా మూసుకుని రెండో చేత్తో నా మణికట్టు పట్టుకుంటాడు. అలాంటివాడు రోజూ తన పొట్టలో తనే పొడుచుకోవాలట. గచ్చిబౌలి నుంచి కోకాపేట వచ్చేదాకా కారు వేగం ముప్పై దాటించలేదు. అడ్డం వచ్చిన ఆటోవాణ్ని కూడా తిట్టలేదు. అప్పుడే అర్థమైంది నాకు, ఈయన నిజంగా భయపడ్డాడని.

మా టవర్లో భయాన్ని దాచుకోవడం కుదరదు. లిఫ్టులో ఎదురు ఫ్లాటు అమ్మాయి ముఖం చూసే కనిపెట్టి, సంగతంతా రాబట్టేసింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, గోదావరి జిల్లా పిల్ల, వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని. సాయంత్రానికల్లా ఒక గాజు సీసా పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది.

“అంకుల్‌ని అన్నం మానేసి సోర్‌డో బ్రెడ్డు తినమనండి ఆంటీ. షుగర్ వాళ్లకి చాలా మంచిదండి. మా నాన్నగారికి ఎంత తేడా వచ్చిందో తెలుసాండి!”

వాళ్ల నాన్నగారిని నేను ఏనాడూ చూడలేదు. ఆమెకూ నాకూ మధ్య పట్టుమని పన్నెండేళ్లు లేవు. ఆంటీ అన్న పాపానికి ఆ సీసా అప్పుడే వెనక్కి పంపి ఉండాల్సింది. పంపలేదు. మొగుడికి సూది తప్పుతుందంటే ఎవరేమని పిలిచినా పలికే దశలో ఉన్నాను.

సీసాలో తెల్లగా బూడిదగా బుడగలు కక్కుతూ పులిసిన పిండి, ఆ రొట్టెకు ఈస్టు బదులు వేసే తోడు. దాంతోపాటు ప్రింటు తీసిన రెండు కాగితాల సూచనలు. మా అనంతపురం వైపు పక్కింటికి పోయి పెరుగులోకి తోడు అడిగితే ఒక చెంచా పెరుగూ, అరగంట ఊసులూ దొరుకుతాయి. కాగితాలు ఎవరూ ఇవ్వరు. మొదటి కాగితం చదివాం. రెండోది ఫ్రిజ్ మీద పెట్టాం, తీరిక దొరికినప్పుడు చూద్దామని.

రొట్టె పనంతా మా ఆయన తన మీద వేసుకున్నాడు. ఇంజనీరు కదా, ఊరికే ఉంటాడా? పిండి తూచడానికి ఒక త్రాసు, నీళ్ల వేడి చూడటానికి ఒక థర్మామీటరు, పిండి ఎంత పొంగిందో రాసుకోవడానికి ల్యాప్‌టాప్‌లో ఒక పట్టిక. సీసాలోని పదార్థానికి పొద్దున్నే కొత్త పిండీ నీళ్లూ కలపడాన్ని ‘ఫీడింగ్’ అంటారు. ఒకరోజు ఆఫీసు నుంచి ఫోను చేసి, “ఏమ్మే, దానికి పెట్టినావా?” అని అడిగాడు. పాతికేళ్ల కాపురంలో నేను తిన్నానో లేదో మధ్యాహ్నం ఫోను చేసి అడిగిన మనిషి కాదు.

ఈ ఫీడింగ్‌లో ఒక తిరకాసు ఉంది. కొత్త పిండి వేసే ముందు ఉన్నదాంట్లో సగం తీసేయాలి. లేకపోతే వారం తిరిగేసరికి సీసా చాలదు, తర్వాత బిందె చాలదు. తీసేసిన సగాన్ని ‘డిస్కార్డ్’ అంటారు. పారేయాల్సింది అని పేరులోనే చెప్పారు పాపం. ఆ మాట నేను విని ఉంటే ఈ నాలుగు పేజీలు రాసే పని తప్పేది.

వినలేకపోయాను. మూడేళ్లకొకసారి వానపడే చోట పెరిగినదాన్ని. మా అమ్మ పిండి కలిపిన పళ్లెం కడిగిన నీళ్లు కూడా గేదె కుడితిలో పోసేది. ఇరవై రెండో అంతస్తులో గేదె ఉండదు. స్టీలు సింకు ఉంటుంది. మొదటిరోజు మా ఆయన గిన్నె వంచబోతే చెయ్యి పట్టుకుని ఆపాను.

“మీకు కండ్లు కనపడ్తాండాయా? గోధుమపిండి అది. తిండి.”

“పారేయమని రాసినారు గదమ్మే.”

“రాసినోళ్లు ఏ ఊరోళ్లో! రొట్టె మీది, మిగిలింది నాది. దాని జోలికి రావద్దండి.”

ఆ విధంగా ఇంట్లో పంపకాలు జరిగిపోయాయి. రొట్టె ఆయన ఆరోగ్యం కోసం. మిగులు నా మనశ్శాంతి కోసం.

మిగులుతో ఏం చేయాలో ఎదురింటి అమ్మాయే నేర్పింది. కేకు చేయవచ్చు, బిస్కెట్లు చేయవచ్చు, దాల్చినచెక్క చుట్లు చేయవచ్చు. ఏది చేసినా తీపే. పులుపు తెలియకుండా ఉండాలంటే తీపి వేయాల్సిందే. చక్కెర వేయడానికి నాకేమన్నా పిచ్చా, ఇంట్లో షుగరు పెట్టుకుని? తాటిబెల్లం తెప్పించాను. నల్లగా, గట్టిగా, కొడితే రాయిలా మోగే అసలైన తాటిబెల్లం. దాన్ని కొద్ది నీళ్లలో కరిగించి, ఇసుక పోయేలా వడకట్టి, చల్లార్చి పులిపిండిలో పోసేదాన్ని. నెయ్యి, యాలకులు, వేయించిన నువ్వులు, ఎండుకొబ్బరి కోరు. చివర్లో చిటికెడు వంటసోడా వేయగానే గిన్నె అంతా బుసబుసమని పొంగేది. డిగ్రీలో కెమిస్ట్రీ చదివాను. పులుపూ సోడా కలిస్తే ఏమవుతుందో తెలుసు కాబట్టి ఆ పొంగు చూసి లోపల్లోపల గర్వపడేదాన్ని. ఓవెన్లో పెట్టిన ఇరవై నిమిషాలకు లిఫ్టు దాకా వాసన. అబద్ధం చెప్పను, మొదటి కేకు అద్భుతంగా వచ్చింది. పైన పెళుసుగా, లోపల మెత్తగా, తీపి అడుగున సన్నటి పులుపు.

అదే కొంప ముంచింది. బాగా రాకపోయి ఉంటే ఒక్కదానితో మానేసేదాన్ని.

రెండో వారానికి నాకు మిగులు చాలడం లేదు. కేకు పళ్లెం నిండాలంటే ఇంకో గుప్పెడు కావాలి. “రేపట్నుంచి పిండి ఎక్కువ వేయండి” అన్నాను. వృథా కాకూడదని మొదలుపెట్టిన మనిషిని, వృథా కోసం పిండి పెంచుతున్నాను. ఆ సంగతి అప్పుడు తోచలేదు. ఎవరైనా చెప్పి ఉంటే వాదించి ఓడించేదాన్ని.

నేను ఒక్కదాన్నే అనుకోకండి. మా టవర్ ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపు తెరిస్తే ఇదే గోల. గుప్పెడు పిండి పారేయకుండా భూమిని కాపాడుతున్నామని ఫోటోలు. ఆ గుప్పెడును కాపాడటానికి కావలసిన వెన్న, అక్రోట్లు, చాక్లెట్టు పది నిమిషాల్లో తెచ్చి పడేసే బండివాళ్లు గేటు దగ్గర వరుసకట్టి ఉంటారు. ఒక్కో వెన్నముక్కకు ఒక్కో కాగితం సంచి. సంచుల్ని మడిచి దాచుకుంటారు, అవి పారేయకూడదు కాబట్టి. “నా దగ్గర డిస్కార్డ్ ఉంది, ఎవరికైనా కావాలా?” అని రోజుకొకరు పెడతారు. ఎవరికీ అక్కర్లేదు, అందరి దగ్గరా అదే ఉంది. అందరిదీ ఆ ఎదురింటి సీసా సంతానమే.

చేసినవి తినేవాళ్లు కావాలి కదా. నాకు తీపి పడదు, ఒక ముక్క రుచి చూస్తే అయిపోయింది. ఎదురింటికి పంపాను. రెండోసారి పంపితే “డైట్‌లో ఉన్నానండి ఆంటీ” అంది, నేర్పిన గురువే. పనిమనిషికి ఇచ్చాను. ఆమెది నార్సింగి, మొహమాటం లేని మనిషి. నాలుగుసార్లు తీసుకుని ఐదోసారి కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ చెప్పేసింది.

“అమ్మా, కోపం చెయ్యకు గని, మా ఇంట్ల ఎవ్వలు తింటలేరు. పులిసిన వాసనొస్తుందని పోరలు పక్కకు వెడ్తున్రు. నువ్వు జర బొబ్బట్లు చేసిన్నాడు ఇయ్యి, కొంటవోత.”

ఒళ్లు మండింది. రుచి తెలియని జనం అనుకున్నాను. ఇక మిగిలింది మా ఆయన ఆఫీసు. రోజూ ఒక డబ్బా నిండా కోసి పెట్టి, “మీవోళ్లకి పంచండి. మీరు ఒక్క ముక్క తినండి, చాలు. చక్కెర కాదులే, తాటిబెల్లమే” అని చెప్పి పంపేదాన్ని. సాయంత్రం డబ్బా ఖాళీగా వచ్చేది. పొడి కూడా మిగిలేది కాదు. ఎంత సంబరపడ్డానో! ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో కనీసం ఒక్క ఆఫీసుకైనా నాలుక ఉందని తేలిపోయింది.

ఆయన మధ్యాహ్నం అన్నం మానేశాడు. రొట్టె రెండు ముక్కలు, కూర. నడక కూడా మొదలుపెట్టాడు. షుగరు దిగకపోతే నన్నడగండి అని మా అక్కకు ఫోనులో సవాలు విసిరాను.

మూడు నెలలకు పరీక్ష చేయించాం. దిగలేదు. పెరిగింది.

డాక్టరు కాగితం చూసి, మా ఆయన్ని చూసి, “ఏం తింటున్నారు?” అన్నాడు. ఆయన నేలచూపులు చూస్తున్నాడు. సమాధానం నేనే చెప్పాను. అన్నం మానేశాం, సోర్‌డో రొట్టె, నడక, తీపి అసలు ముట్టరు, ఎప్పుడైనా తాటిబెల్లం కేకు ఒక ముక్క.

“బెల్లమా?” అన్నాడు డాక్టరు.

“తాటిబెల్లం. చక్కెర కాదు. అందులో ఇనుము ఉంటుంది.”

“ఇనుము కోసం వచ్చారా అమ్మా మీరు? మీ రక్తంలోకి వెళ్లాక అది ఏ చెట్టుదని ఎవరూ అడగరు.”

వాదించాను. పాతకాలంవాళ్లు తినలేదా అన్నాను, వాళ్లకు షుగరు వచ్చిందా అన్నాను. డాక్టరు వేళ్లతో బల్ల మీద తాళం వేస్తూ విని, మాత్రలు పెంచి రాశాడు. ఇంకో మూడు నెలలు చూస్తాను, ఆ తర్వాత ఇదే కుర్చీలో కూర్చోబెట్టి సూది ఎలా వేసుకోవాలో నేర్పిస్తాను అన్నాడు. మా ఆయన నా మణికట్టు కోసం చెయ్యి చాపి, డాక్టరు చూస్తున్నాడని వెనక్కి తీసుకున్నాడు.

కారెక్కగానే మొదలుపెట్టాను. “ఒక్క ముక్క తినమంటే ఎన్ని తిన్నారు?”

సీటు బెల్టు రెండుసార్లు సర్దుకున్నాడు.

“మిమ్మల్నే. ఆఫీసులో అందరికీ పంచినాక మిగిలింది తిన్నారా?”

“ఆఫీసులో ఎవరూ తినరమ్మే” అన్నాడు. “మొదటి వారం తిన్నారు. ఆ తర్వాత నన్ను చూస్తానే ఫోన్లు చెవిన పెట్టుకుంటాండారు.”

“మరి డబ్బా?”

“ఖాజాగూడ చెరువు తావ కారు ఆపుకుంటా. ఆడ రాళ్ల పక్కన నీడ ఉంటాది. ఆడ కూచొని తినేసి వస్తా.”

“రోజూనా? అంతానా?”

“ఏం జేయల్ల మరి? ఇంటికి తెస్తే కరువు కథ ఎత్తుకుంటావు. పారేసి వస్తే నువ్వు ఎవరెవరు తిన్నారు, ఏమన్నారు అని పేరుపేరునా అడుగుతావు. నాకు అబద్ధం అతకదు.” గేరు మారుస్తూ, “నాకు ఆ పులుపు నచ్చను కూడా నచ్చదు” అన్నాడు.

నానక్‌రామ్‌గూడ సిగ్నలు దగ్గర ఎర్రలైటు రెండుసార్లు పడింది. సూదికి అంత భయపడే మనిషి, ఆ డబ్బా మూత తీసి ఒక్కొక్క ముక్కా లెక్కగా నోట్లో వేసుకుంటూ, చెరువు వైపు చూస్తూ మూడు నెలలు కూర్చున్నాడు. సూది కంటే నా నోటికి ఎక్కువ భయపడ్డాడన్నమాట. ఇందులో గర్వపడాల్సింది ఏమైనా ఉందా అని వెతికాను. లేదు. చక్కెరకూ బెల్లానికీ అణువు ఒకటేనని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేను. ఆ సంగతి పేపరు దిద్దినవాళ్లకు చెప్పాను, మొగుడికి చెప్పలేదు.

ఇంటికి వచ్చి మిగులు గిన్నె సింకులో వంచాను. నా చేత్తోనే. పిండి జారుతుంటే పంపు తిప్పాను, త్వరగా పోతే బాగుండునని. ఆయన పక్కన నిలబడి, “పోనీ ఒక రెండు గరిటెలు ఉంచుదామా?” అన్నాడు.

“నోర్మూసుకొని పక్కకు జరగండి” అన్నాను. జరిగాడు.

ఆ మధ్యాహ్నం ఫ్రిజ్ మీది రెండో కాగితం తీసి చదివాను. మొదటి వాక్యమే: వారానికి ఒక్క రొట్టె చేసుకునేవాళ్లు సీసాలో ఒక్క చెంచా ఉంచుకుని ఫ్రిజ్‌లో పెట్టుకుంటే చాలు, తీసి పారేయాల్సిన అవసరమే రాదు. ఇంట్లో ఇద్దరం పట్టభద్రులం. మూడు నెలలు అది మా తలల ఎత్తులోనే ఉంది.

అప్పట్నుంచి ఒక్క చెంచా. రొట్టె అదే, కూర అదే, నడక అదే. ఓవెన్ వారానికి ఒక్కసారి వెలుగుతుంది. తాటిబెల్లం ముక్క మా అక్క పట్టుకుపోయింది.

మళ్లీ మూడు నెలలకు అదే కుర్చీలో కూర్చున్నాం. డాక్టరు కాగితం చదువుతున్నంతసేపూ ఈయన నా మణికట్టు వదల్లేదు. ఈసారి ఎవరు చూసినా లెక్కచేయలేదు. షుగరు దిగింది. బాగానే దిగింది. ఇప్పటికి సూది అక్కర్లేదు అన్నాడు డాక్టరు. నా చెయ్యి వదిలిపెడితే నాలుగు వేళ్ల అచ్చులు పడి ఉన్నాయి.

“శభాష్. ఏం మార్చారు?” అన్నాడు డాక్టరు.

మా ఆయన కుర్చీలో సర్దుకుని, గొంతు సవరించుకుని, “సోర్‌డో అండి డాక్టరుగారూ. ఆ రొట్టె మహిమ” అన్నాడు.

డాక్టరు నా వైపు తిరిగాడు. రొట్టె అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది, తేడా దానిది కాదని చెప్పడానికి నోరు తెరిచాను. చెప్పాలంటే తేడా ఎవరిదో చెప్పాలి. మూసుకున్నాను.

ఇంటికి చేరేలోపే ఈయన ఆ మాటను టవర్ మొత్తం గ్రూపులో పెట్టేశాడు, రొట్టె ఫోటోతో సహా. ఎదురింటి అమ్మాయి పదకొండు చప్పట్ల బొమ్మలు పంపింది. సాయంత్రానికి ముగ్గురు ఖాళీ సీసాలతో మా గుమ్మంలో నిలబడ్డారు, ఇంట్లో షుగరు ఉందట, ఒక చెంచా ఇమ్మని. పిండి పెంచి మర్నాడు ఇచ్చాను. కాగితాలు రెండూ నకళ్లు తీసి ఇచ్చాను, రెండోదాన్ని పైన పెట్టి.