ముక్కలుగా కోసిన వాన

కొందరికి కోపం ముక్కు మీద ఉంటుంది. ఈవిడకు అంత దూరం కూడా కాదు, నాలుక చివరే కూర్చుని ఉంటుంది. వీడియో గేములు తయారుచేసే ఆ ఆఫీసులో వెనకాల అందరూ ఆమెను సీమటపాకాయ అంటారు, ఎదురుగా మేడమ్ అంటారు. ఒక్కడు మాత్రం వదినా అని పిలుస్తాడు. నిజంగానే మరిది, భర్తకు సొంత తమ్ముడు. నోట్లో నాలుక లేని మనిషి. ఇద్దరివీ పక్కపక్క కుర్చీలు.

వాళ్లు చేస్తున్న ఆట ఒక ఓడరేవు ఊళ్లో జరుగుతుంది. టీవీకి తగిలించి ఆడే, పోటీ కంపెనీల రెండు గేమ్ పెట్టెల మీదా అది నడవాలి. తెల్ల పెట్టె మీద నడిపించే పని ఆమెది, నల్ల పెట్టె మీద మరిదిది. రెండూ సవతుల్లాంటివి, ఒకదానికి నచ్చింది రెండోదానికి గిట్టదు. తెల్లదాంట్లో బొమ్మ గీసే చిప్పును ఆనుకుని చిన్న మెమరీ ఉంది. అరచేతంత వంటగట్టు అనుకోండి. చెయ్యి చాపితే అన్నీ అందుతాయి, కానీ బొమ్మ మొత్తం దాని మీద పట్టదు. నల్లదాంట్లో ఆ గట్టే లేదు. ఉన్నదంతా పెద్ద కొట్టుగది, దానికో ఇరుకు తలుపు. ఎంతైనా దాచుకోవచ్చు, తీసి పెట్టేసరికే తాతలు దిగివస్తారు. ఏదీ పూర్తిగా గొప్పది కాదు. ఈ మాట ఆటలాడే కుర్రకారుకు చెబితే తన్నుకు చస్తారు, అది వేరే సంగతి.

ఆ గట్టు మీద ఆమె ఏడాది కష్టపడి వాన కురిపించింది. తడిసిన రాతి వీధి, నీటి గుంటల్లో దీపాల నీడలు, చినుకు పడితే ఆ నీడలు చెదరడం. బొమ్మను మూడు ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనే గట్టు మీద పూర్తిచేసి బయటికి పంపింది. ప్రతి గోడనూ మూడుసార్లు లెక్కించాల్సి వచ్చినా తెల్ల పెట్టె తట్టుకుంది. ఇంట్లో టీవీకి తగిలించి చూపిస్తే, జన్మలో ఆట ముట్టని ఆమె మొగుడు కిటికీ మూయడానికి లేచాడు.

అలాంటి వానను ఈ పొద్దున మీటింగులో తీసెయ్యమన్నారు. వాన వల్ల నల్ల పెట్టె మీద ఆట నత్తనడక నడుస్తోందట. రెండు పెట్టెల్లోనూ బొమ్మ ఒకేలా ఉండాలని బాసు పట్టు. తేడా ఉంటే జనం పక్కపక్కన పెట్టి చూసి ఉతికి ఆరేస్తారు.

"సాయంత్రం ఆటను డిస్కులు అచ్చెయ్యడానికి పంపాలి. రెండింట్లోనూ వాన తీసి ఎండ పెట్టండి" అన్నాడాయన. మరిది తల దించుకుని కుక్కిన పేనులా కూర్చున్నాడు.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. మీటింగు అవ్వగానే వెళ్లి అతని కుర్చీ వెనక నిలబడింది.

"ఏమండీ మరిదిగారూ, నా వాన మీకేం పాపం చేసింది?"

"నేనేం చెయ్యను వదినా, ఈ పెట్టె లాగట్లేదు."

"ఆడలేక మద్దెల ఓడన్నాట్ట నీలాంటివాడే. లే, నేను చూస్తా."

అతను లేచాడు. ఆమె కూర్చుని కీబోర్డును బాదుతుంటే పక్కనున్న కాఫీ కప్పు అదిరింది. అతను రాసిందంతా తెరిచి చదవసాగింది. చదివేకొద్దీ చేతులు నెమ్మదించాయి.

మూడు ముక్కలు. ఇక్కడా అవే మూడు ముక్కలు. గట్టు చిన్నదని కోసిన కోతను, గట్టే లేని పెట్టెలో పెట్టాడు. ఒక్కో ముక్కకూ ఊరు మొత్తాన్ని ఆ ఇరుకు తలుపులోంచి మళ్లీ మోసుకొస్తున్నాడు. ఈ పెట్టెకు బొమ్మను ఒకేసారి గీయాలి. వానను సగం సైజులో గీసి, పెద్దది చేసి పైన కప్పాలి. కదిలే చినుకుల్లో ఆ మోటుతనం ఎవరి కంటా పడదు. అంతా కలిపి వారం పని.

"నాది ఉన్నదున్నట్టు దించేశావా? బుర్ర లేదూ?"

"ఉంది వదినా. ఇది దీనికి పడదని మొదట్లోనే తెలిసింది."

"తెలిసి కూడానా?"

అతను గొంతు తగ్గించాడు. "నిరుడు నీ కోడ్‌లో ఒక్క లైను మార్చాను. నేను రాసింది ముట్టుకుంటే చెయ్యి విరుస్తానని అందరి ముందూ కడిగేశావు. ఇంట్లో భోజనాల దగ్గర మళ్లీ మొదలెట్టావు. అన్నయ్య వద్దంటున్నా ఆపలేదు. నాకెందుకొచ్చిన గొడవ?"

ఆమెకు చుర్రుమంది. నోటిదాకా తిట్టు వచ్చింది. అది ఎవరి మీద వెయ్యాలో ఈసారి తెలియలేదు.

లేచి సరాసరి బాసు గదిలోకి వెళ్లింది. వారం టైమిస్తే రెండింట్లోనూ వాన నడిపిస్తానంది.

"ఇన్నాళ్లూ ఏం చేశారు? ఎవరి తప్పిది?"

"నాదే. వారం ఇస్తారా, ఇవ్వరా?"

"గంట కూడా ఇవ్వలేనమ్మా."

బల్ల గుద్దింది. ఆయన కదల్లేదు. తెల్ల పెట్టెలో వాన తీయడానికి ఇంకెవరో వస్తే, జరగమని కసిరి తన చేత్తోనే తీసేసింది. సాయంత్రానికి రెండు పెట్టెల్లోనూ ఊరు ఒకేలా ఎండిపోయింది.

తర్వాత కుర్చీని మరిది వైపు లాగింది.

"వచ్చే ఆటలోనూ వాన ఉంటుంది. నీ పెట్టెకు నా రాత పడకపోతే చించి పారెయ్. నన్నడక్కు."

అతను అనుమానంగా చూశాడు. "కోప్పడవుగా వదినా?"

"కోప్పడతాను. తిడతాను కూడా. అయినా చించు."

ఆమె చూస్తుండగానే అతను తన దగ్గర మిగిలిన వాన కోడ్‌లోంచి ఆ మూడు ముక్కల కోతను పై నుంచి కింది దాకా చెరిపేశాడు. ఆమె పళ్లు కొరుకుతూ, కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుని కూర్చుంది.