ముంత పాటకు నేను అల్లిన చరిత్ర

నాకు పెంచి చెప్పే జబ్బు ఉంది. ముందే ఒప్పుకుంటున్నాను. మా ఇంట్లో పిల్లి ఈనితే, నేను బజారుకు చేరేసరికి అది పులి అవుతుంది. బజారు దాటేసరికి దాని మీద ఎవరో సవారీ కూడా చేస్తుంటారు. కాబట్టి ఇందులో గుమ్మడికాయ కనిపించిన చోట నిమ్మకాయ అనుకొని చదువుకోండి. నేను సిగ్గుపడ్డానన్న చోట మాత్రం దేన్నీ తగ్గించకండి.

పోలీసు యాక్షన్ జరిగిన మరుసటి ఎండాకాలం. పట్నంలో ఒక వారపత్రికకు పిల్లల పాటల పుట్టుపూర్వోత్తరాలు రాస్తుండేవాణ్ణి. ఆదివారం సైకిలెక్కి ఊళ్ళ మీద పడటం, పిల్లలు పాడేది రాసుకోవడం, ఇంటికొచ్చి దానికో చరిత్ర అల్లడం. పాట వాళ్ళది, చరిత్ర నాది. ఒక జోలపాటలో రాజుల యుద్ధాన్ని చూశాను. ఒక గెంతులాటలో కోట ముట్టడిని చూశాను. మెచ్చుకుంటూ వందల ఉత్తరాలు వచ్చాయి. సరే, ఏడు.

అలా ఒక ఆదివారం గోపన్‌పల్లి వెళ్ళాను. దారి పొడుగునా ఏనుగుల్ని ఒకదాని మీద ఒకటి ఎక్కించినట్టు రాతి గుండ్లు. సైకిలు పద్నాలుగుసార్లు పంక్చరయింది. ఊరి మొగదలలో ఒక పరుపుబండ మీద పిల్లలు పిడికిళ్ళు బిగించి గుండ్రంగా కూర్చున్నారు. ఎవరి పిడికిట్లోనో చింతగింజ ఉంది. మధ్యలో చిన్న మట్టి ముంత. అందరూ కలిసి పాడుతున్నారు:

గుండు మీద గువ్వలొచ్చె
గువ్వ నోట్ల గింజలొచ్చె
గింజలేవి? ఎవరు దాసె?
పిడికిలిప్పి ముంతల వెయ్

పాట ఆగినప్పుడు పట్టుబడిన వాళ్ళు గింజను ముంతలో వేసి లేచిపోవాలి. దీనికి అర్థమేమిటని అడిగాను.

"ఆటకు అర్థమేంది సారూ?" అంది ఒక పిల్ల. "ఆడితే ఆడు, లేకుంటే జర పక్కకు జరుగు. నీ నీడ పడ్తుంది."

అప్పుడే ఒక ముసలమ్మ చంకలో ముంతతో అటు వచ్చింది. ఊరి మంత్రసాని. ఆ పిల్లలందరికీ బొడ్డు కోసింది ఆమేనట. నా కాగితాల వైపు చూసి, "ఏం రాస్తున్నవ్ బిడ్డా? ఎండల పడి వచ్చినవ్. జర కూసో, మజ్జిగ తాగుదువు" అంది. నాకు తీరిక లేదన్నాను. నిజానికి సాయంత్రం దాకా నాకు తీరికే.

ఇంటికొచ్చి కలం పట్టాను. దొంగ ఉన్న పాట కదా, దొంగ కావాలి. ఆ ఊళ్ళో ముంత పట్టుకొని ప్రతి ఇంట్లోకీ వెళ్ళేది ఎవరు? ఇంకేం, రాసేశాను. పూర్వం ఒక కరువులో ఊరి పాతరలో ధాన్యం మాయమైందనీ, పురిటిళ్ళకు తిరిగే మంత్రసాని పిడికెడు పిడికెడుగా ముంతకెత్తిందనీ, గుండు మీది గువ్వలు సాక్ష్యం చెప్పాయనీ, ఆ వంశం నేటికీ అక్కడే ఉందనీ! ఆ చివరి వాక్యం రాసి నన్ను నేనే భుజం తట్టుకున్నాను.

అసలే అవి లెవీ రోజులు. పండిన గింజలు సర్కారుకు కొలిచి ఇచ్చి, మిగిలింది చాలీచాలకుండా తినే కాలం. గింజ దాచినవాళ్ళన్న మాట ఊరికి ఎంత చేదో నేను ఆలోచించలేదు.

రెండు నెలలకు మళ్ళీ వెళ్ళాను, ఇస్త్రీ చొక్కా వేసుకొని. పూలదండ వేస్తారని నా ఆశ. బడి పంతులు ఎదురయ్యాడు.

"మీ రాత నేనే చావడిల చదివిన సారూ. మల్లొకసారి చదువుమన్నరు. నవ్వలేక సచ్చిన్రు."

"అట్లనా!" అన్నాను, నా ఛాతీ గోలకొండంత ఉబ్బింది.

"గానీ పోయిన నెల ఒకరింట్ల తొట్టెల అయింది."

ఇరవై ఒకటో రోజున బిడ్డను తొట్టెలో వేసేది ఆ అవ్వే. వేసి పాట పాడితే చేటెడు బియ్యం పెడతారు. ఆ రోజు ఇంటావిడ చేట తెచ్చి, "అవ్వా, గివి చేటల బియ్యం. మావి పాతరల లేవు, ముంత దాసిపెట్టు" అన్నదట. ఆడవాళ్ళంతా పకపకా నవ్వారట. అవ్వ చేట ముట్టలేదు. బిడ్డను తల్లి ఒడిలో పెట్టి ఇంటికి వెళ్ళిపోయింది. అప్పటినుంచి ఏ గడపా తొక్కలేదు. పురుడొస్తే నార్సింగి నుంచి వేరే ఆమెను తెస్తున్నారు.

అవ్వ గుడిసె ముందు కూర్చొని ఉంది. నన్ను చూసి గుర్తుపట్టింది.

"పాట రాసుకపోయినోనివి నువ్వే గదా?"

"అవునవ్వా."

"గది నేను కట్టిన పాట బిడ్డా. పసిపోరగాండ్లు పిడికిలి ఇప్పరు. లోపట మురికి నిల్సి పుండు పడ్తది. అందుకే నీళ్ళు పోసేటప్పుడు పాడుకుంట ఒక్కొక్క ఏలు ఇప్పుదును. ముంతంటే నీళ్ళ ముంతనే. పోరగాండ్లు పెద్దగయినంక దాన్ని ఆట చేసుకున్నరు."

"మరి గువ్వలు?" అన్నాను. సిగ్గులేని నోరు.

"గుండు మీద గువ్వలు గాక బర్లుంటయా?" అంది. "నన్ను అడిగితే చెప్తుంటి గదా. మజ్జిగ తాగుమంటే తాగకపోతివి."

ఇస్త్రీ చొక్కాతోనే ఆమె ముందు నేల మీద కూర్చున్నాను.

"నార్సింగి ఆమె చెయ్యి మంచిదే. పాట రాదు ఆమెకు," అంది అవ్వ. "నా మాట కన్నా నీ కాయితం మాటనే నమ్ముతున్నరు. చావడిల నువ్వే చెప్పు బిడ్డా, గది అబద్ధమని."

ఆ సాయంత్రమే చావడికి వెళ్ళాను. ఐదు వేలమంది జనం. అరుగెక్కి అంతా ఒప్పుకున్నాను. నా కన్నీళ్ళకు ఊరి చెరువు నిండి మత్తడి దూకింది. ఆ ఇంటావిడ బిడ్డను తెచ్చి అవ్వ ఒడిలో పెట్టింది. అవ్వ పాడుతూ ఆ చిన్న పిడికిలి విప్పింది.

ఈ వ్యాసంలో నేను కల్పించింది ఈ ముక్క. అంటే, చావడికి వెళ్ళిన మాట నిజం. అక్కడ నలుగురున్నారు. నేను నోరు తెరవకముందే ఒకాయన, "రాండ్రి సారూ, ఇంకో కథ చెప్పుండ్రి, పొట్ట చెక్కలు గావాలె!" అన్నాడు. అందరూ నా వైపు నవ్వు ముఖాలు పెట్టుకొని చూశారు. చెప్పాను. ఇంకో పాట మీద ఇంకో కథ. వాళ్ళు నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. అవ్వ గుడిసె కనబడకుండా పొలాల వెంట సైకిలు నడిపించుకొని వెళ్ళిపోయాను.

పంతులూ, ఇది అచ్చయితే చావడిలో నువ్వే చదువుతావు. నవ్వులొచ్చిన చోట ఆపేయకు, ఇక్కడిదాకా చదువు. ఆ పాట అవ్వది. ఆమె వంశంలో దొంగలెవరూ పుట్టలేదు. ఈ రెండు ముక్కలు మళ్ళొకసారి చదువు.