అందరూ సరే అనాలె

రాజేశానికి గర్వం పెరిగిందని కోరుట్ల వాళ్లు అంటున్నారట. అక్కడి బీడీ కార్ఖానా గొడవకు మీటింగు నడపమని ముగ్గురు పెద్దమనుషులు బస్సెక్కి సిరిసిల్ల దాకా వస్తే, నీళ్లిచ్చి, కూర్చోబెట్టి, రానని చెప్పి పంపించేశాడట. అది గర్వమట. వింటే నాకు ఒళ్లు మండింది. నేను సాంచలు రిపేరు చేసుకు బతికే మహబూబ్‌ని. సాంచలంటే మరమగ్గాలు, మా ఊళ్లో అట్లాగే అంటాం. మీటింగులంటే నాకు మొదటి నుంచీ పడదు. అయినా రాజేశం మా గల్లీలో నడిపిన ప్రతి మీటింగులోనూ కూర్చున్నాను. నువ్వు సాంచలున్న ఆసామివీ కాదు, వాటి మీద పనిచేసే కార్మికుడివీ కాదు, సాక్షిగా ఉండు అని పిలిచేవాడు. చూసినవాణ్ణి కాబట్టి, ఎందుకు రానన్నాడో చెబుతున్నాను.

రాజేశానికి నాలుగు సాంచలు ఉండేవి. గల్లీలో ఆసాములకూ కార్మికులకూ కలిపి ఉన్న కమిటీకి అతను కార్యదర్శి. బక్క మనిషి, గొంతు చిన్నది. సాంచల చప్పుడులో బతికే మా ఊళ్లో పెళ్లాంతో ముచ్చటైనా అరిచే చెప్పుకుంటాం. అట్లాంటి చోట రాజేశం మెల్లగా మాట్లాడేవాడు. ఏమంటున్నాడో వినాలంటే చచ్చినట్టు అందరూ నోరు మూసుకోవాల్సిందే.

కుర్చీలు వేయనిచ్చేవాడు కాదు. జంపఖానా పరిచి, ఒక ఆసామి పక్కన ఒక కార్మికుడు వచ్చేటట్టు కూర్చోబెట్టేవాడు. ఎవరైనా మాట్లాడితే అదే మాట తన నోటితో మళ్లీ చెప్పి, “నువ్వన్నది గిదేనా?” అని అడిగేవాడు. కాదంటే మళ్లీ చెప్పమనేవాడు. కోపంతో ఊగిపోతున్నవాణ్ణి మంచినీళ్లు పంచమనేవాడు. చెంబు పట్టుకుని అందరి ముందూ వంగి వంగి పోసేసరికి వాడి ఆవేశం సగం దిగేది. నాకు మాత్రం విసుగు. ఒక బోల్టు బిగించాలంటే ఇంతమందిని అడుగుతామా అనుకునేవాణ్ణి.

ఎనభైల చివరి రోజులవి. నలుగురు ఒకచోట కూర్చుంటే చాలు, ఎవరెవరు వచ్చారు, ఎవరేం మాట్లాడారు అని పోలీసులు అడిగేవారు. మాకు చెప్పకుండా మీటింగు ఎట్లా పెట్టారని అడవిలోని అన్నల దగ్గర నుంచి కబురు వచ్చేది. రాజేశం ముందే రెండు దిక్కులా చెప్పుకునేవాడు, రెండు దిక్కులా చీవాట్లు తినేవాడు. నలభై దాటకుండానే తల నెరిసింది. ఇంటికొచ్చి అరుగు మీద కూలబడితే అన్నం తినడానికి కూడా లేచేవాడు కాదు.

“నీకెందుకన్నా గీ లొల్లి?” అని ఒకసారి అడిగాను.

“నేను కూసోపెట్టకపోతే కొట్టుకుంటరు భాయ్. కొట్టుకున్నకాడికి ఎవడో ఒకడు తుపాకి పట్టుకొని అస్తడు. గందుకే ఓపిక పడుతున్న” అన్నాడు.

అతనిది ఒకటే పట్టు. అందరూ సరే అనాలె. ఒక్కడు కాదన్నా తీర్మానం లేదు, ఇంకో రోజు కూర్చోవడమే. జగిత్యాలలో రైసుమిల్లు హమాలీల మీటింగుకు పోయినప్పుడు చేతులెత్తించి లెక్క చూశారట. ఓడినవాళ్లు నెల తిరగకముందే వేరే సంఘం పెట్టుకున్నారు, బస్టాండు దగ్గర రెండు సంఘాలూ తలలు పగలగొట్టుకున్నాయి. అప్పటి నుంచి చేతులెత్తే పద్ధతి వద్దే వద్దన్నాడు. గల్లీలో అందరూ మెచ్చుకున్నారు, నేను కూడా.

రాజలింగం సంగతి అప్పుడే వచ్చింది. ఇరవై ఏళ్లకు పైగా సాంచల మధ్య నిలబడ్డ మనిషి, రెండు చెవులూ పోయాయి. పెదవులు చూసి మాట పట్టుకునేవాడు. మీటింగులో రాజేశం అతన్ని తనకు ఎదురుగా కూర్చోబెట్టుకుని, ప్రతి మాటా అతని మొహం చూసి చెప్పేవాడు. అప్పట్లో మా దగ్గర షిఫ్టు రాత్రి తొమ్మిదింటికి మారేది. పగలు పనిచేసినవాడు ఆ వేళకు ఇంటికి పోవాలి, రాత్రి పనికి వచ్చేవాడు ఆ వేళకే రావాలి. రాజలింగం ఇల్లు ఊరి చివర, కోనరావుపేట దిక్కు. ఆ రోడ్డు మీద కొత్తగా పోలీసు పికెట్టు పెట్టారు. చీకట్లో ఎవరైనా వస్తే ఆగుమని కేకేస్తారు. ఆ కేక రాజలింగానికి వినపడదు.

“నాకు టార్చి కొడితె ఆగుత. ఎన్కనుంచి ఒర్రితె నాకెట్ల ఎరుకైతది?” అని మీటింగులో అతనే చెప్పాడు.

షిఫ్టును సాయంత్రం ఆరింటికి మారిస్తే వెలుతురుండగానే ఇల్లు చేరతారు. ఇంత చిన్న సంగతి. ఎల్లేశం అనే ఆసామి ఒప్పుకోలేదు. ఆరింటికి కరెంటు సక్కగా ఉంటుందని, సరిగ్గా అప్పుడే సాంచ ఆపితే బట్ట దిగదని అన్నాడు. దుర్మార్గుడేం కాదు, మొండివాడు. రాజేశం అతని మాట కూడా మళ్లీ చెప్పి, “గిదేనా?” అని అడిగి, ఇంకోసారి కూర్చుందామన్నాడు.

రెండో మీటింగులో ఎల్లేశం మెత్తబడ్డాడు. అయితే ఎదురు గల్లీ వాళ్లు ముందు మార్చాలె, తర్వాత నేను మారుస్తానన్నాడు. నాకు తిక్క రేగింది. “అన్నా, అందరు ఒప్పుకున్నరు. గీయినొక్కని కోసం ఆగుడెందుకు? మార్చేయి” అన్నాను.

“ఒక్కన్ని తొక్కి చేసిన పని నిలువది భాయ్. ఇంక ఒక్కసారి కూసుంటె ఆయిననే సరే అంటడు” అన్నాడు రాజేశం. రాజలింగం మొహం చూస్తూ, పెదవులు బాగా కదిలిస్తూ, “జర ఓపిక పట్టు” అని చెప్పాడు. రాజలింగం తలూపాడు.

రాజేశం ఊరికే కూర్చోలేదు, అది కూడా చెప్పాలి. పికెట్టుకు పోయి, ఈ మనిషికి చెవుడు అని చెప్పి వచ్చాడు. వాళ్లు సరే అన్నారు. కొన్నాళ్లకు వాళ్లు మారిపోయి కొత్తవాళ్లు వచ్చారు. అప్పుడు రాజేశం తనే రాజలింగానికి తోడు నడిచాడు. రోజూ ఈ దారిన నీకేం పని అని పికెట్టు వాళ్లు అతన్నే నిలబెట్టి అడిగారు. దాంతో అది కూడా ఆగిపోయింది.

మూడో మీటింగు ఇంకా జరగలేదు. ఒక రాత్రి రాజలింగం పని దిగి ఇంటికి పోతున్నాడు. వెనక నుంచి ఆగుమన్నారు. అతను ఆగలేదు. కాల్చారు. దళానికి కబుర్లు మోసే కొరియరని తెల్లారి పేపర్లో వచ్చింది. సద్ది గిన్నె తప్ప చేతిలో ఏమీ లేని మనిషి.

దినాలయ్యాక, రాజలింగం పనిచేసిన షెడ్డులోనే మూడో మీటింగు పెట్టారు. నాకు పోవాలని లేదు, అయినా పోయాను. జంపఖానా మీద రాజేశానికి ఎదురుగా ఎవరూ కూర్చోలేదు. రాజేశం ఇంకా నోరు తెరవకముందే ఎల్లేశం “ఆరింటికే మార్చుదాం. నాకు సరే” అన్నాడు, ఏడుస్తున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా సరే, సరే అన్నారు. ఇంతమంది ఇంత తొందరగా ఒప్పుకోవడం నేను ఎప్పుడూ చూడలేదు. రాజేశం అలవాటు కొద్దీ, “ఇంకెవలన్న మాట్లాడేది ఉన్నదా?” అని అడిగాడు.

గడప అవతల రాజలింగం భార్య కనకవ్వ నిలబడి ఉంది. షెడ్డులో ఉండిపోయిన అతని అంగీ తీసుకుపోవడానికి వచ్చింది. ఆమెను మీటింగుకు ఎవరూ పిలవలేదు. మా మీటింగులకు ఆడవాళ్లను పిలవం.

“ఒప్పుకున్నరా అన్నా?” అని అడిగింది.

“ఒప్పుకున్నరు చెల్లె.”

“అందరా?”

“అందరు.”

“ఎంతసేపు పట్టింది?”

రాజేశం ఆమె మొహం చూసి, రాజలింగానికి చెప్పినట్టే పెదవులు బాగా కదిలిస్తూ, “చెప్పిన చాయ్ గూడ ఇంక రాలేదు చెల్లె” అన్నాడు.

“మరి గింతసేపటి పనికి మా ఆయినె పోయిందాంక ఎందుకు కూసున్నరు?” అన్నది కనకవ్వ.