సగంలో ఆగిన పాఠం

సూర్యాపేట బస్సులో పక్కనున్న ఆవిడ ఒళ్లో ఫైలు చూసి, “ఇంటర్వ్యూకా మేడం?” అన్నాను.

“అవునమ్మా. ఆరేండ్ల సంది గా కాలేజీలనే తెలంగాణ సంస్కృతి చెప్తున్న. పార్ట్‌టైమోళ్లం గదా, ఏటా తీసేసి మళ్లా ఇంటర్వ్యూకు పిలుస్తరు. పోస్టు ఒక్కటే.”

నేను వెళ్తున్నదీ ఆ పోస్టుకే. నా కాల్ లెటర్‌ను బ్యాగు అడుక్కి తోశాను. మళ్లీ ఆమె వైపు చూడలేదు.

కాలేజీ వరండాలో నా పేరు పిలిచారు. ఆమె కళ్లముందే లేవక తప్పలేదు. తిడుతుందనుకున్నాను.

“నిన్ను తీసుకుంటే జర యాదుంచుకో. లంబాడీల తీజ్ పండుగ పాఠం సగంల ఆగింది. పిల్లలు తండాలకు పోయి పాటలు రాసుకొచ్చిండ్రు. ఆ నోటుబుక్కులు ఇంకా సూడలే.”

నన్నే తీసుకున్నారు. మొదటిరోజు క్లాసులో ఆ నోటుబుక్కులే అడిగాను.

“మా మేడంకే ఇస్తం,” అన్నారు పిల్లలు.