ఇప్పుడే కన్నంటుకుంది

ఫువాతినో మొద్దునిద్ర పోతుంటే, బతికున్న మొగుణ్ణి పక్కనుంచే గోతికి మోసుకుపోయారని మా ఊళ్లో చెప్పుకుంటారు. బట్టలుతికే మడుగు దగ్గర ఈ మాట వారానికి ఒకసారైనా వస్తుంది.

"ఆవిణ్ణి లేపాలంటే చర్చి గంట తెచ్చి చెవిలో కొట్టాలే," అంటుంది ఒకామె.

"మొగుడు బండెక్కి పోతుంటేనే లేవలేదు, గంటకు లేస్తుందా?" అంటుంది ఇంకొకామె.

ఫువాతినో మా చిన్నాన్న పెసమినో భార్య. ఆ నవ్వులు వినిపించేంత దూరంలోనే తల వంచుకుని ఉతుక్కుంటూ ఉంటుంది.

మా దీవిని ఫ్లూ ఊడ్చేసిన ఏడాది నాకు పదకొండేళ్లు. బడి నడిపే పాస్టరు పోయాడు, బడి మళ్లీ తెరవలేదు. మా ఇంట్లో ఏడుగురం చాపల మీద పడ్డాం. నిలబడి ఉన్నది పిన్ని ఒక్కతే. గోడల్లేని ఇల్లు, ఒకటే కప్పు. ఒకరికి కన్నంటుకునేసరికి పక్కవాళ్ల దగ్గు లేపేసేది. ఆ దగ్గు ఆగితే ఇంకో మూల నుంచి ఇంకొకటి.

"ఆదివారం పాటకి వీళ్లంతా ఇంత కలిసికట్టుగా ఎప్పుడైనా పాడారా?" అన్నాడు చిన్నాన్న. "మా అమ్మ గొంతే అన్నిటికంటే పైన."

"నీ గొంతు తక్కువేం కాదులే. నోర్మూసుకుని పడుకో," అంది పిన్ని, కొబ్బరినీళ్లు తాగిస్తూ.

తవ్వే చేతులు లేక ఊరందరికీ సముద్రపొడ్డున ఒకటే గొయ్యి తీశారు. జ్వరం నుంచి లేచిన నలుగురు మగవాళ్లు రోజూ పొద్దున గుర్రబ్బండి తోలుకొచ్చి చనిపోయినవాళ్లను ఎత్తుకెళ్లేవారు. మేము దోమలకు తల నుంచి పాదాల దాకా దుప్పటి చుట్టుకుని పడుకుంటాం. చనిపోయినవాళ్లనూ చాపలు చాలక దుప్పట్లలోనే చుట్టేవారు. అలా పక్కింటి తువాలా తాతను బండెక్కించారు. చర్చి మలుపు దగ్గర ఆయన లేచి కూర్చుని, "ఎక్కడికిరా వెధవల్లారా, నా కల్లు కూడా తాగనివ్వకుండా?" అని అరిచాడు.

ఆ మాటకు రెండు రోజులు నవ్వుకున్నారు. ఆ తర్వాత నిద్రపోవడానికే అందరికీ భయం పట్టుకుంది. దోమలు పీక్కు తింటున్నా ఎవరూ మొహం కప్పుకోలేదు. మా నానమ్మ మాసినా అయితే, "నేను ఊపిరి తీస్తున్నానా? చూస్తూ ఉండవే కోడలా," అని గంటకోసారి పిలిచేది. పిన్ని ఒక్కొక్కరి ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూస్తూ, విసురుతూ, మా మధ్య తిరుగుతూనే ఉండేది.

"నన్ను ఆ గోతిలో వెయ్యనివ్వకు," అన్నాడు చిన్నాన్న ఒకరోజు. "ఇంటి ముందు, మా నాన్న పక్కన పెట్టు."

"ఏం మాటలవి? పడుకో."

"పడుకుంటే తీసుకుపోతారుగా."

ఈసారి పిన్ని కసరలేదు. "నేను చూసుకుంటాను," అంది.

గురువారం తెల్లవారుతుండగా ఆయన దగ్గు ఆగిపోయింది. నేను రెండు చాపల అవతల ఉన్నాను. పిన్ని ఆయన ముక్కు దగ్గర చెయ్యి పెట్టింది, చాలాసేపు తీయలేదు. తర్వాత మొహం కప్పకుండా దుప్పటి గడ్డం దాకా లాగింది.

బండి వచ్చింది. "ఎవరైనా ఉన్నారా, అమ్మా?" అని కేకేశారు.

"లేరు. ఆయనకు ఇప్పుడే కన్నంటుకుంది, లేపకండి," అంది.

అది విని నానమ్మ చేతులు జోడించింది. "దేవుడు చూశాడు. ఇన్నాళ్లకు నా బిడ్డకు నిద్ర పట్టింది. ఎవరూ దగ్గకండర్రా."

మేము దుప్పటి నోట్లో కుక్కుకుని దగ్గు ఆపుకున్నాం. నిజం నాకు తెలుసు. నేనూ ఆపుకున్నాను.

ఆ రోజు, మరుసటి రోజు పిన్ని ఇంటి ముందే తవ్వింది. శుక్రవారం బండివాళ్లకూ అదే మాట చెప్పి పంపేసింది. దుంపలు నాటే కర్రతో పొడవడం, కొబ్బరిచిప్పతో మట్టి తోడడం. మా నేలలో జానెడు లోతు దాటితే అన్నీ నల్లరాళ్లే. మధ్యమధ్య వచ్చి మాకు నీళ్లు పట్టి, చిన్నాన్న మీద ఈగలు తోలి, మళ్లీ వెళ్లేది. ఆమె చేతి నుంచి నీళ్లు తాగితే రక్తం రుచి తగిలేది.

"ఏం చేస్తున్నావే అక్కడ?" అని అడిగింది నానమ్మ.

"పొయ్యికి రాళ్లు తీస్తున్నాను అత్తయ్యా."

శనివారం పొద్దున ఆమె నా పక్కకు వచ్చి కూర్చుంది. "బండివాళ్లు రానీ," అంది మెల్లగా, నాకు తెలుసని ఆమెకూ తెలిసినట్టు. "నేనొక్కదాన్నే మొయ్యలేను. ముప్పై అడుగులు పట్టుకోమని అడుగుతాను. ఆ మాత్రం కాదనరు." తర్వాత చిన్నాన్న దగ్గరికి వెళ్లి, స్తంభానికి ఆనుకుని, ఆయన గుండె మీద చెయ్యి వేసింది. మేము జబ్బుపడ్డ తొమ్మిది రోజుల్లో ఆమె కళ్లు మూతపడటం అదే మొదటిసారి.

బండివాళ్లు వచ్చారు. వాసనకే వాళ్లకు అర్థమైంది. ఆమె చెయ్యి తీసి పక్కన పెట్టి ఆయన్ని ఎత్తారు. నేను పిలవాలని చూశాను. దగ్గు తప్ప మాట రాలేదు.

"నిద్రపోతున్నవాణ్ణి తీసుకుపోతున్నారు! నా బిడ్డ బతికే ఉన్నాడు!" అని నానమ్మ అరిచిన అరుపు పక్క ఊరిదాకా వినిపించింది. పిన్ని లేచేసరికి మధ్యాహ్నమైంది. సముద్రపొడ్డున గోతి మీద మట్టి కప్పేశారు. చిన్నాన్న గురువారమే పోయాడని నానమ్మకు ఆమె ఎప్పుడూ చెప్పలేదు. ఆ తర్వాత నానమ్మ బతికున్న రెండేళ్లూ పిన్ని ఆవిడ తిట్లు పడింది.

మా ఇంటి ముందు తాత సమాధి పక్కన ఒక గొయ్యి ఉంది. నా నడుము లోతు, ఒక మనిషి పొడుగు. ఆ శనివారం బండి వచ్చేసరికి దాని తవ్వకం పూర్తయింది.